మోల్‌ను చూపించిన బొమ్మలు

ఇంగ్లిష్ సచిత్ర నిఘంటువులో ‘మోల్’ అనే మాట దగ్గర ఆగితే బొమ్మలు బారులు తీరి కనిపిస్తాయి. వెడల్పాటి ముందుకాళ్ళతో నేల కింద సొరంగాలు తవ్వుకునే నల్లబొచ్చు జంతువు ఒకటి. యూరప్ తోటల్లో అది మామూలే గాని తెలుగు నేల మీద కనిపించదు. చర్మం మీది పుట్టుమచ్చ ఇంకొకటి. అలల ధాటిని ఆపడానికి రేవు నుంచి సముద్రంలోకి కట్టిన రాతికట్ట మరొకటి. ఎండుమిర్చి, గింజలు, కొన్నిచోట్ల చాక్లెట్ కూడా కలిపి నూరి వండే మెక్సికో పులుసును అక్కడివాళ్ళు ‘మోలే’ అంటారు. ఇంగ్లిష్ రాతలో దానికీ అవే నాలుగు అక్షరాలు. శత్రుదేశపు నిఘా సంస్థలోనే ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేస్తూ రహస్యాలు చేరవేసే మనిషిదీ అదే పేరు. 1974లో జాన్ లె కారె గూఢచారి నవల వచ్చాక ఆ వాడుక బాగా వ్యాపించింది.

వీటిలో చాలావాటికి ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. పులుసు పేరు మెక్సికో ఆదివాసుల నవాటల్ భాషది, పుట్టుమచ్చ పేరు ప్రాచీన ఇంగ్లిష్‌ది. రసాయనశాస్త్రంలో పదార్థ పరిమాణాన్ని కొలిచే మోల్‌కు బంధువు రేవు దగ్గరి రాతికట్ట ఒక్కటే. రెండింటికీ మూలం ‘మోలెస్’ అనే లాటిన్ మాట. పెద్ద రాశి, బరువైన దిమ్మ అని దాని అర్థం. అణువుకు ఇంగ్లిష్‌లో ఉన్న ‘మోలిక్యూల్’ అనే పేరు కూడా అందులోంచే పుట్టింది.

మిగతా బొమ్మలన్నీ చూడగానే తెలిసిపోతాయి. రసాయన మోల్ దగ్గరకొచ్చేసరికి చిత్రకారుడికి చిక్కొచ్చి పడుతుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక ఫొటో వేస్తాయి. బల్ల మీద వరసగా గాజు గిన్నెలుంటాయి. ఒకదానిలో 12 గ్రాముల బొగ్గుపొడి, పక్కన 32 గ్రాముల గంధకం, 58.5 గ్రాముల ఉప్పు, 63.5 గ్రాముల రాగి తీగ, 200.6 గ్రాముల పాదరసం, చివర 18 గ్రాముల నీళ్ళు. బరువులు వేరు, రంగులు వేరు, ఆక్రమించే చోటు వేరు. అయినా ప్రతి గిన్నెలోనూ ఉన్నది ఒక మోల్. బొగ్గులో ఎన్ని కార్బన్ పరమాణువులున్నాయో నీళ్ళలో అన్ని నీటి అణువులున్నాయి. ఆ సంఖ్య 6.022×10²³, అంటే ఆరు వందల కోట్ల కోట్ల కోట్లకు కాస్త పైన.

సెకనుకొకటి చొప్పున ఆ 18 గ్రాముల నీటి అణువులను లెక్కపెట్టాలంటే విశ్వం వయసుకు పది లక్షల రెట్లకు మించిన కాలం కావాలి. ఆ నీటినే సముద్రంలో పోసి, భూమ్మీది సముద్రాలన్నిటిలో సమానంగా కలిసేలా చేయగలిగితే, ఏ తీరంలో లీటరు నీళ్ళు ముంచినా అందులో మన అణువులు సుమారు 450 దొరుకుతాయి. అమెరికాలో రసాయన ఉపాధ్యాయులు ఈ సంఖ్య పేరుతో ఏటా అక్టోబరు 23న, 6 గంటల 2 నిమిషాలకు ‘మోల్ డే’ జరుపుతారు. ఆ రోజు బడి గోడల మీదికెక్కేది సొరంగాలు తవ్వే ఆ నల్లబొచ్చు జంతువే. పిల్లలు దానికి ప్రయోగశాల కోటు తొడిగి బొమ్మలు గీస్తారు.

ఇంత పెద్ద సంఖ్యను ఎవరూ ఒకటీ రెండూ అని లెక్కించలేదు. అయినా ఇవాళ దాన్ని తొమ్మిది అంకెల వరకూ కచ్చితంగా రాస్తున్నాం. అక్కడికి చేర్చిన దారిలో అడుగడుగునా ఒక బొమ్మ ఉంది: కాగితం మీది వలయం, చెక్క బంతి, పెన్సిల్ గీత, ఎక్స్‌రే మచ్చలు పడిన పలక. ప్రతి బొమ్మా అంతకుముందున్న ఒక పొరపాటును బయటపెట్టింది. మోల్ కథంటే ఆ బొమ్మల కథే.

డాల్టన్ వలయాలు

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పుకుని బతికిన జాన్ డాల్టన్ 1808లో తన రసాయన సిద్ధాంత గ్రంథం మొదటి భాగం అచ్చువేశాడు. అందులో పరమాణువులను చిన్న వలయాలుగా గీశాడు. మధ్యలో చుక్క ఉన్న వలయం హైడ్రోజన్. ఖాళీ వలయం ఆక్సిజన్. నిలువు గీత ఉంటే నైట్రోజన్, పూర్తిగా నల్లగా నింపితే కార్బన్. రెండు వలయాలను పక్కపక్కన అంటిస్తే సమ్మేళనం. కంటికి కనిపించని పదార్థకణాలకు ఒక్కోదానికి ఒక్కో బరువు, ఒక్కో గుర్తు ఇచ్చిన మొదటి పటం అదే. 1810 ప్రాంతంలో పీటర్ ఎవార్ట్ అనే ఇంజనీరు డాల్టన్ కోసం చెక్క బంతులు కూడా చేసిపెట్టాడు.

ఆ పటంలో నీరు రెండే వలయాలు: ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్. రెండు మూలకాలు కలిసి ఒకే సమ్మేళనం ఇస్తున్నట్టు తెలిస్తే, అందులో ఒక్కోటి చొప్పున ఉంటాయని డాల్టన్ అనుకున్నాడు. అలా అనుకోవడంతో ఆక్సిజన్ బరువు హైడ్రోజన్‌కు 7 రెట్లని లెక్క తేలింది. అసలు విలువ దాదాపు 16 రెట్లు. అందులో సగం తేడా తూకంలో జరిగింది కాదు, బొమ్మలో ఒక వలయం తక్కువ పడడం వల్ల వచ్చింది.

1808లోనే ఫ్రాన్స్‌లో గేలూసాక్ వాయువుల ఘనపరిమాణాలు కొలిచి, రెండు పాళ్ళ హైడ్రోజన్ ఒక పాలు ఆక్సిజన్‌తో కలిస్తే రెండు పాళ్ళ నీటియావిరి వస్తుందని ప్రకటించాడు. మూడు పాళ్ళు కలిస్తే రెండే ఎందుకొస్తున్నాయి? ఒక పాలు ఆక్సిజన్ రెండు పాళ్ళ ఆవిరికి ఎలా సరిపోతోంది? ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన అమెడియో అవగాడ్రో 1811లో దీనికి జవాబు రాశాడు. చదివింది చర్చి న్యాయశాస్త్రం, పట్టింది భౌతికశాస్త్రం. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో ఏ వాయువైనా సమాన సంఖ్యలో అణువులుంటాయని ఆయన ఊహించాడు. అలాగైతే ఆక్సిజన్ అణువు రెండుగా చీలే జంట అయివుండాలి. హైడ్రోజన్ కూడా అంతే. నీటి బొమ్మలో అప్పుడు వలయాలు మూడవుతాయి.

ఆ రోజుల్లో రసాయనశాస్త్రాన్ని శాసించిన స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్, ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయని నమ్మాడు. ఆక్సిజన్‌తో ఆక్సిజన్ జతకట్టడం ఆ నమ్మకానికి విరుద్ధం. అవగాడ్రో మాట యాభై ఏళ్ళు మూలనపడింది. 1856లో ఆయన కన్నుమూసే నాటికి, ఇవాళ ఆయన పేరు మోస్తున్న సంఖ్య ఎంతో ఎవరికీ తెలియదు. దాన్ని కనిపెట్టే ప్రయత్నం ఆయన కూడా చేయలేదు.

క్రోకే బంతులు

1860 సెప్టెంబరు మొదటి వారంలో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో యూరప్ రసాయన శాస్త్రవేత్తలు మూడు రోజులు సమావేశమయ్యారు. ఒకే పదార్థానికి ఒక్కొక్కరు ఒక్కో సూత్రం రాస్తున్న కాలమది. ఇటలీ నుంచి వచ్చిన స్టానిస్లావ్ కనిజారో, అవగాడ్రో మాటను పట్టుకుంటే పరమాణు భారాలన్నీ కుదురుకుంటాయని వాదించాడు. తీర్మానమేదీ జరగలేదు. కానీ ఆయన రాసిన చిన్న పుస్తకం చివర్లో చేతులు మారింది. వచ్చినవాళ్ళలో 26 ఏళ్ళ మెండలీవ్ ఒకడు. సరిదిద్దిన ఆ పరమాణు భారాల మీదే ఆయన తొమ్మిదేళ్ళ తర్వాత ఆవర్తన పట్టిక కట్టాడు.

కనిజారోతో తేలింది ఒక పరమాణువు ఇంకోదానికంటే ఎన్ని రెట్లు బరువన్నది మాత్రమే. 12 గ్రాముల కార్బన్‌లో, 32 గ్రాముల గంధకంలో పరమాణువుల సంఖ్య సమానమని దాంతో చెప్పగలం. ఆ సంఖ్య ఎంతో చెప్పలేం.

ఎంతో చెప్పే పని వియన్నాలో మొదలైంది. యోసెఫ్ లోష్మిట్ అనే బడి ఉపాధ్యాయుడు 1861లో తన ఖర్చుతో ఒక పుస్తకం వేసుకున్నాడు. అందులో 368 అణువుల బొమ్మలు గీశాడు. పరమాణువుల సైజులకు తగ్గట్టు వలయాలు చిన్నా పెద్దా చేసి, కలిసేచోట ఒకదాన్నొకటి తాకేలా, కొంత కప్పేలా గీశాడు. ఆ పుస్తకాన్ని చూసినవాళ్ళు అతి తక్కువ. అణువుల సైజు ఆలోచన మాత్రం ఆయన్ను వదల్లేదు. 1865లో వాయు అణువుల కొలతకు దారి వెతికాడు. గాలిలో ఒక అణువు మరోదాన్ని గుద్దుకునేలోపు ఎంత దూరం పోతుందో మాక్స్‌వెల్ అప్పటికే లెక్కకట్టాడు. వాయువు ద్రవంగా మారితే చోటు ఎంత తగ్గుతుందో అంచనా ఉంది. అణువు సైజు, అణువుల సంఖ్య అనే రెండూ తెలియనివే. కానీ చేతిలో సమీకరణాలు రెండున్నాయి. గాలి అణువు వ్యాసం మిల్లీమీటరులో పదిలక్షలో వంతు దాకా ఉంటుందని తేల్చాడు. అసలు విలువ అందులో మూడో వంతు. మొట్టమొదటి కొలతకు అది చాలా మంచి అంచనా.

అదే 1865 ఏప్రిల్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదిక మీద హాఫ్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త జనానికి ఉపన్యాసమిచ్చాడు. ఇంగ్లిష్ వాళ్ళు పచ్చిక మీద ఆడే క్రోకే ఆట బంతులకు రంగులు వేసి, బెజ్జాలు చేసి, లోహపు పుల్లలతో కలిపి అణువులు కట్టి చూపించాడు. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, క్లోరిన్ ఆకుపచ్చ. హైదరాబాద్ కాలేజీలో ఇవాళ కనిపించే ప్లాస్టిక్ నమూనా పెట్టెలోనూ రంగులు ఇవే. ఆయన మీథేన్‌ను బల్లపరుపుగా కట్టాడు. నాలుగు హైడ్రోజన్లు కార్బన్ చుట్టూ నాలుగు మూలల పిరమిడ్ శిఖరాల్లో ఉంటాయని వాంటాఫ్, లెబెల్ విడివిడిగా చెప్పింది 1874లో.

పెర్రిన్ పెన్సిల్ గీతలు

‘మోల్’ అనే మాటను 1890లలో వాడుకలోకి తెచ్చినవాడు లైప్‌జిగ్ ప్రొఫెసర్ విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్. ఆయనకు పరమాణువుల మీద నమ్మకం లేదు. ఎవరూ చూడని కణాల జోలికి పోకుండా బరువులతో, శక్తితో రసాయనశాస్త్రమంతా చెప్పవచ్చన్నది ఆయన పట్టుదల. కాబట్టి ఆయన దృష్టిలో మోల్ గ్రాముల్లో చెప్పే ఒక బరువు, అంతే. అణువుల సంఖ్య అనే అర్థం అందులో లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే: అణువులు నిజంగా ఉంటే చూపించండి.

చూపించినవాడు పారిస్‌లోని సోర్బాన్ ఆచార్యుడు జాన్ పెర్రిన్. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడిలోని సూక్ష్మరేణువులు నీటిలో తమంతట తాము కదులుతూనే ఉండడం మైక్రోస్కోపులో గమనించాడు. జీవంలేని రాతిపొడి కూడా అలాగే కదిలింది. కంటికి కనపడని నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తాకడమే ఆ కదలికకు కారణమని, రేణువు కొంత సమయంలో ఎంత దూరం జరుగుతుందో కొలిస్తే అణువుల సంఖ్య దొరుకుతుందని 1905లో ఐన్‌స్టీన్ రాశాడు.

పెర్రిన్ తీసుకున్న సరుకు గాంబోజ్. చెట్టు నుంచి కారే పసుపు బంకను చిత్రకారులు రంగుగా వాడతారు. కాంబోడియా పేరు మీద దానికి ఆ పేరొచ్చింది. నీటిలో రుద్దితే అది చిన్న చిన్న గుండ్రటి రేణువులుగా విడిపోతుంది. అన్నీ ఒకే సైజులో లేకపోతే లెక్క పనికిరాదు. అందుకని కిలో గాంబోజ్‌తో మొదలుపెట్టి, గిరగిర తిప్పే యంత్రంలో మళ్ళీ మళ్ళీ వేరుచేయగా, నెలల తర్వాత ఒకే సైజు రేణువులు గ్రాములో కొన్ని పదోవంతులు మిగిలాయి.

ఆ రేణువులను మిల్లీమీటరులో పదో వంతు లోతున్న నీటితొట్టిలో వేసి వేర్వేరు ఎత్తుల్లో లెక్కపెట్టాడు. ఒక్కసారిగా చాలా రేణువులు కనిపిస్తే కన్ను తడబడుతుంది. అందుకని మైక్రోస్కోపులో సన్నటి బెజ్జం పెట్టి, ఒక చూపుకు ఐదారు రేణువులకు మించి కనబడకుండా చేశాడు. 0.212 మైక్రాన్ల వ్యాసార్ధమున్న రేణువులతో చేసిన ఒక వరసలో పదమూడు వేల రేణువులు లెక్కకొచ్చాయి. అడుగు నుంచి 5, 35, 65, 95 మైక్రాన్ల ఎత్తుల్లో వాటి దామాషా 100, 47, 22.6, 12. అంటే ప్రతి 30 మైక్రాన్లకు సంఖ్య సుమారు సగమవుతోంది.

ఇక్కడే ఆ ప్రయోగం గొప్పతనమంతా ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి కూడా ఇలాగే పలచబడుతుంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఆక్సిజన్ సాంద్రత సగం కావాలంటే 5 కిలోమీటర్లకు కాస్త పైకి పోవాలి. కణం ఎంత బరువైతే అంత తక్కువ ఎత్తులోనే సగమవుతుంది. ఆ రెండు ఎత్తుల మధ్య తేడా సుమారు 18 కోట్ల రెట్లు. నీటి ఉత్ప్లవనం పోగా గాంబోజ్ రేణువు బరువెంతో కొలవవచ్చు. దాన్ని 18 కోట్లతో భాగిస్తే ఒక్క ఆక్సిజన్ అణువు బరువు వస్తుంది. 32 గ్రాములను ఆ బరువుతో భాగిస్తే మోల్‌లోని సంఖ్య తేలుతుంది. పెర్రిన్‌కు వచ్చిన విలువ 7×10²³ చుట్టుపక్కల.

రెండో ప్రయోగం ఇంకా ప్రసిద్ధం. ఒక రేణువును ఎంచుకుని, 30 సెకన్లకోసారి అది ఎక్కడుందో గళ్ళ కాగితం మీద చుక్క పెట్టి, చుక్కలను సరళరేఖలతో కలిపాడు. వచ్చిన బొమ్మలో గీతలు అడ్డదిడ్డంగా, దిక్కూదరీ లేకుండా పోతాయి. ప్రతి సెకనుకూ చుక్క పెడితే ఒక్కో సరళరేఖ స్థానంలో అంతే గజిబిజిగా ముప్పై గీతలొస్తాయని పెర్రిన్ వివరించాడు. ఆ గీతల పొడవుల్లో ఐన్‌స్టీన్ చెప్పిన నియమం అచ్చుగుద్దినట్టు కనిపించింది. సంఖ్య కూడా అదే తరహాలో వచ్చింది.

ఈ కొలతలు ఐన్‌స్టీన్‌కే ఒక తప్పు పట్టించాయి. 1905 నాటి డాక్టరేట్ వ్యాసంలో ఆయన చక్కెర కలిపిన నీరు ఎంత చిక్కబడుతుందన్న దాన్నుంచి ఈ సంఖ్యను గణించి 2.1×10²³ అన్నాడు. పెర్రిన్ ప్రయోగశాలలో బాన్సలాన్ చేసిన కొలతలు ఆ సూత్రంతో సరిపోలేదు. ఐన్‌స్టీన్ కోరిక మీద ఆయన సహచరుడు లుడ్విగ్ హాప్ఫ్ లెక్కను తిరగేసి చూస్తే గణితంలో పొరపాటు దొరికింది. 1911లో సరిదిద్దాక విలువ 6.56×10²³కు చేరింది.

ఈ సంఖ్యకు అవగాడ్రో పేరు పెట్టింది 1909లో పెర్రిన్. 1913లో వెలువడిన ‘పరమాణువులు’ గ్రంథంలో ఆయన ఒక పట్టిక ఇచ్చాడు. వాయువుల జిగట, రేణువుల కదలిక, ఆకాశపు నీలిరంగు, విద్యుదావేశం, రేడియం నుంచి పుట్టే హీలియం — ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇన్ని దారులూ 6 నుంచి 7×10²³ మధ్యకే చేరుతున్నాయని అందులో చూపించాడు. ఆస్ట్‌వాల్డ్ అంతకుముందే తన పాఠ్యగ్రంథం కొత్త ముద్రణలో, పరమాణువులకు ఇప్పుడు ప్రయోగ నిదర్శనం దొరికిందని బహిరంగంగా ఒప్పుకున్నాడు. పెర్రిన్‌కు 1926లో నోబెల్ వచ్చింది.

ఉప్పురాయి చెప్పిన లెక్క

1912లో మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ లావే సలహా మీద ఫ్రీడ్‌రిష్, క్నిపింగ్ అనే ఇద్దరు స్ఫటికం గుండా ఎక్స్‌కిరణాలు పంపి, వెనక ఫొటో పలక పెట్టారు. పలక మీద మచ్చలు పడ్డాయి. స్ఫటికంలో పరమాణువులు క్రమంగా బారులు తీరి ఉంటేనే అలాంటి మచ్చలొస్తాయి. ఏడాది తిరక్కుండా ఇంగ్లండ్‌లో విలియం బ్రాగ్, ఆయన కొడుకు లారెన్స్ బ్రాగ్ ఈ మచ్చలను చదవడం నేర్చుకున్నారు. మామూలు ఉప్పులో సోడియం, క్లోరిన్ ఒకటి తప్పించి ఒకటిగా మూడు దిశల్లోనూ పరుచుకుని ఉన్నాయని తేలింది. లారెన్స్‌కు 25 ఏళ్ళకే, 1915లో, తండ్రితో కలిసి నోబెల్ దక్కింది.

ఈ బొమ్మతో మోల్‌ను కాగితం మీద ఎవరైనా లెక్కకట్టవచ్చు. ఉప్పులో పదే పదే వచ్చే చిన్న ఘనం అంచు 0.564 నానోమీటర్లు. దాని ఘనపరిమాణం 1.794×10⁻²² ఘన సెంటీమీటర్లు. ఉప్పు సాంద్రత 2.165 గనక ఆ ఘనం బరువు 3.884×10⁻²² గ్రాములు. అందులో నాలుగు సోడియం, నాలుగు క్లోరిన్. ఒక మోల్ ఉప్పు 58.44 గ్రాములు కాబట్టి, నాలుగు మోల్‌లు 233.76 గ్రాములు. దీన్ని ఆ చిన్న ఘనం బరువుతో భాగిస్తే 6.02×10²³ వస్తుంది. ఇంటర్ విద్యార్థి పది నిమిషాల్లో చేయగల లెక్క ఇది.

బ్రాగ్ నాటికి లెక్క తలకిందులుగా నడిచింది. మోల్ సంఖ్యను మిలికన్ అనే శాస్త్రవేత్త నూనెచుక్కలతో కొలిచిన ఎలక్ట్రాన్ ఆవేశం నుంచి తీసుకుని, దానితో స్ఫటికం అంచును గణించేవారు. గీతలు గీసిన పలకలతో ఎక్స్‌కిరణాల తరంగదైర్ఘ్యాన్ని నేరుగా కొలవడం 1920ల్లో సాధ్యమయ్యాక రెండు దారులు విడిపోయాయి. తేడా నూటికి ఒక వంతు కూడా లేదు గాని ఏదో ఒకటి తప్పు. మిలికన్ తన నూనెచుక్కల లెక్కలో వాడిన గాలి జిగట విలువ కాస్త తక్కువని చివరికి బయటపడింది. స్ఫటికం గెలిచింది.

విడి పరమాణువు కూడా బొమ్మలో పడింది. 1955 అక్టోబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎర్విన్ ముల్లర్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న భారతీయ విద్యార్థి కన్వర్ బహదూర్ టంగ్‌స్టన్ సూదిమొన మీది పరమాణువులను తెర మీద ఒక్కొక్క వెలుగుచుక్కగా చూశారు. 1989లో ఐబీఎం శాస్త్రవేత్త డాన్ ఐగ్లర్ నికెల్ పలక మీద 35 జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరిపి తన సంస్థ పేరులోని మూడు ఇంగ్లిష్ అక్షరాలు పేర్చాడు.

సిలికాన్ గోళం

1971లో మోల్ అంతర్జాతీయ కొలమానాల్లో ఏడో మూలప్రమాణంగా చేరింది. 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని కణాలు ఒక మోల్ అన్నది అప్పటి నిర్వచనం. అందులో గ్రాము ఉంది. గ్రాము పారిస్ శివార్లలో మూడు గాజుబుడ్ల కింద దాచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మ మీద ఆధారపడి ఉండేది. ఆ దిమ్మకూ దాని నకళ్ళకూ మధ్య కాలక్రమేణా మైక్రోగ్రాముల్లో తేడాలు కనిపించాయి. లోహపు దిమ్మను వదిలేసి ప్రకృతి స్థిరాంకాల మీద ప్రమాణాలు నిలపాలని శాస్త్రలోకం పూనుకుంది.

అందుకు ఉప్పురాయి లెక్కనే సిలికాన్‌తో మళ్ళీ చేశారు. ఈసారి కచ్చితత్వం పదికోట్లలో రెండు వంతుల తేడా వరకు. మామూలు సిలికాన్‌లో మూడు ఐసోటోపులు కలిసి ఉంటాయి. రష్యాలో సెంట్రిఫ్యూజ్‌లతో వేరుచేసిన 99.99 శాతం పైచిలుకు శుద్ధమైన సిలికాన్-28ను బెర్లిన్‌లో ఒకే స్ఫటికంగా పెంచి, ఆస్ట్రేలియాలో కిలో బరువున్న గోళాలుగా నున్నగా రుద్దారు. వ్యాసం 94 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. గుండ్రదనంలో లోపం నానోమీటర్లలోనే. స్ఫటికంలో ఒక ఘనానికి 8 పరమాణువులు, అంచు 0.543 నానోమీటర్లు. ఆ అంచును కొలిచిన ప్రయోగశాల ట్యూరిన్‌లో ఉంది. అది అవగాడ్రో పుట్టి, పెరిగి, పనిచేసిన ఊరు.

2018 నవంబరు 16న వెర్సాయ్‌లో ప్రపంచ దేశాల ప్రతినిధులు కొత్త నిర్వచనాలకు ఓటు వేశారు. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076×10²³ కణాలు. గ్రాములతో దానికి ముడి లేదు. రెండు శతాబ్దాల కిందట బరువుల నుంచి మొదలైన భావన చివరికి శుద్ధమైన సంఖ్యగా నిలబడింది.

ఇరవైన్నర గ్రాముల పొట్లం

మోల్ ఎందుకు కావాలో తెలియాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరేచనాలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక చదివితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్ వేయాలి. మొత్తం 20.5 గ్రాములు. గ్రాముల్లో చూస్తే గ్లూకోజ్ ఉప్పుకు ఐదు రెట్లు, ఎందుకో అర్థం కాదు. మోల్‌లలోకి మార్చితే గుట్టు తెలుస్తుంది. గ్లూకోజ్ మోల్ 180 గ్రాములు, కాబట్టి 13.5 గ్రాములు అంటే 75 మిల్లీమోల్‌లు. ఉప్పులోని, సిట్రేట్‌లోని సోడియం కలిపితే అదీ 75. రెండూ సమాన సంఖ్యలో ఉన్నాయి.

ఆ సమానత్వం వెనక పేగు పనితీరు ఉంది. చిన్నపేగు గోడలో ఒక వాహక ప్రోటీన్ గ్లూకోజ్‌నూ సోడియంనూ కలిపి లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు వస్తుంది. విరేచనాలు తీవ్రంగా ఉన్నప్పుడు కూడా ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా విరుచుకుపడినప్పుడు, బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు చాలక ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించారు. ద్రావణంలో కణాల మొత్తం సంఖ్య కూడా ముఖ్యం. కొత్త సూత్రంలో అది లీటరుకు 245 మిల్లీఆస్మోల్‌లు, రక్తంలో కంటే కాస్త తక్కువ. చక్కెర ఎక్కువైతే సంఖ్య పెరిగి, నీరు శరీరంలోంచి పేగులోకి వెనక్కి లాగబడుతుంది. విరేచనం ముదురుతుంది.

రక్తంలో చక్కెర నివేదికలోనూ మోల్ ఉంది. మన ల్యాబ్‌లు డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు అని రాసేదాన్ని లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం లీటరుకు 5.6 మిల్లీమోల్‌లు అని చదువుతుంది. 18తో భాగిస్తే ఇక్కడి అంకె అక్కడి అంకెగా మారిపోతుంది.

తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ పేరుతో మందుల షాపుల్లో అమ్ముడవడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా ఇంట్లో బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు కొనేవాళ్ళ కన్నే ఆఖరి కాపలా. పొట్లం మీద 20.5 గ్రాములు, లీటరుకు సోడియం 75, గ్లూకోజ్ 75, మొత్తం 245 అన్న అంకెలు ఉన్నాయో లేదో చూడండి. లీటరు పొట్లాన్ని సరిగ్గా లీటరు మంచినీళ్ళలోనే కలపండి. గ్లాసుడు నీళ్ళలో సగం పొట్లం వేయకండి.